నా ఇంట్లో నేనే అద్దెకున్నాను

ద్రవ్యోల్బణం అదుపులోకి వచ్చిందని వార్త వెలువడిన రోజే గృహరుణం వాయిదా పెరిగిందని బ్యాంకు కబురు పంపితే, తొందరపాటు మనుషులు గణాంకవేత్తలను శంకిస్తారు. అది అన్యాయం. చాలా దేశాల్లో ద్రవ్యోల్బణాన్ని కొలిచే వినియోగదారుల ధరల సూచీలో ఇంటి అప్పు వడ్డీకి అసలు చోటే లేదు కనుక, అది ఎంత పెరిగినా సూచీకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఇందుకు శాస్త్రీయమైన కారణముంది. సూచీ కొలిచేది వినియోగాన్ని. సబ్బు అరిగిపోతుంది, చెప్పు తెగిపోతుంది, ఇల్లు మాత్రం నిలిచి ఉంటుంది. అందుచేత ఇల్లు కొనడం పెట్టుబడి. జీవితకాలపు సంపాదనను మింగేసే ఖర్చు ఖర్చే కాదన్నమాట. 'ఇల్లు కట్టి చూడు' అన్న పెద్దలకు ఈ సూక్ష్మం అందక, దానిని కష్టాల పద్దులో రాశారు.

1983కు ముందు అమెరికా కూడా ఈ అజ్ఞానంలోనే ఉండేది. ఇళ్ల ధరలు, రుణాల వడ్డీ అక్కడి సూచీలో నేరుగా ఉండేవి. ధరలను అణచడానికి వడ్డీరేట్లు పెంచితే, ఆ వడ్డీ వల్లనే సూచీ పైకి లేచేది. జ్వరానికి మందు వేస్తే థర్మామీటరు వేడెక్కినట్టు. 1983 జనవరి నుంచి లెక్క మార్చి, సొంతింటివాడు తనకు తానే అద్దె కట్టుకుంటున్నాడని భావించడం మొదలుపెట్టారు. మీ ఇంటిని ఈ రోజు అద్దెకిస్తే సామాను, కరెంటు, నీటి ఖర్చులు కలపకుండా నెలకు ఎంత వస్తుందనుకుంటున్నారని యజమానులను అడుగుతారు. ఆ జవాబుతో సూచీలో ఈ అద్దెకు తూకం, అంటే వాటా, నిర్ణయించి, పెరుగుదలను మాత్రం నిజమైన అద్దె ఇళ్లను ఆరు నెలలకొకసారి పలకరించి తెలుసుకుంటారు. ఎవరూ ఎవరికీ చెల్లించని ఈ అద్దె ఇప్పుడు అమెరికా సూచీలో అన్నిటికంటే పెద్ద పద్దు, దాదాపు నాలుగో వంతు.

శాస్త్రం మీద గౌరవం కొద్దీ ఈ పద్ధతిని నేను మా ఇంట్లో అమలు చేశాను. వంటగది కప్పు కారుతున్నదని అద్దెదారుగా ఫిర్యాదు చేశాను. చూద్దాంలే అని యజమానిగా దాటవేశాను. మరమ్మతు జరగకుండానే అద్దె పెంచడంతో అద్దెదారుగా మండిపడ్డాను, అదే రాత్రి యజమానిగా సుఖంగా నిద్రపోయాను. చివరకు కప్పు మార్పిద్దామనుకుంటే మరో ధర్మసూక్ష్మం ఎదురైంది. అమెరికా లెక్కలో కొత్త కప్పు పెట్టుబడి, కనుక సూచీలో ఉండదు. కారే నీటి కింద పెట్టే బకెట్టు వినియోగ వస్తువు, కనుక ఉంటుంది. దేశభక్తుడినై బకెట్టు కొన్నాను.

యూరప్ వారు ఇంత శ్రమ కూడా పడలేదు. 1997లో మొదలైన వారి సమన్విత సూచీ, అంటే దేశాలన్నిటా ఒకే పద్ధతిలో లెక్కగట్టేది, అద్దెలను లెక్కిస్తుంది గానీ, సొంతింట్లో ఉండే ఖర్చును పక్కన పెట్టింది. దానిని చేర్చడం మంచిదని 2021లో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు సిఫార్సు చేస్తూ, అది కొన్ని సంవత్సరాలు పట్టే పని అని కూడా అన్నది. తొందరేముంది, ఇల్లు నిలిచి ఉండే వస్తువే కదా.

బ్రిటన్‌ది మరింత ఉదారమైన ఏర్పాటు: సొంతింటి ఖర్చు లేని సూచీ ఒకటి, ఉన్నది ఒకటి, గృహరుణ వడ్డీని కూడా కలుపుకున్న పాత చిల్లర ధరల సూచీ మరొకటి. పాతదానికి ప్రమాణాలకు తగినదని ఇచ్చే జాతీయ గణాంకమన్న హోదాను 2013లోనే తొలగించారు. అయినా విద్యార్థుల రుణాలపై వడ్డీ లెక్కగట్టేటప్పుడు ప్రభుత్వానికి అదే గుర్తుకొస్తుంది, సంక్షేమ భృతులు పెంచవలసి వచ్చినప్పుడు మాత్రం సొంతింటి ఊసెత్తని సూచీ మీద నమ్మకం కుదురుతుంది. పాత సూచీ సాధారణంగా ఎక్కువ చూపిస్తుందన్నది కేవలం కాకతాళీయం.

ఇళ్ల ధరలను ఉన్నవి ఉన్నట్టుగా సూచీలో కుమ్మరించడమూ సబబు కాదని ఒప్పుకోవాలి; అప్పు తీరిపోయినవాడికి ఇంటి ధర పెరిగితే నష్టమేమీ లేదు, లోలోపల సంతోషమే. కష్టమంతా ఇంకా కొననివాడిది. అతడిని మాత్రం ఏ గణాంకవేత్తా మీ కోరికకు నెలకు ఎంత అద్దె వస్తుందని అడగడు.

అద్దెలు కనుక్కునే పరిశీలకులు వస్తే మా కప్పు చూపిద్దామని ఎదురుచూశాను. కానీ వారు వెళ్లేది నిజమైన అద్దె ఇళ్లకేనట. ఈలోగా బకెట్టు నిండింది. రెండోది కొనాలి, దాని ధర పెరిగితే మాత్రం సూచీలో తప్పక కనిపిస్తుంది.