దాడి చేసేవారికి శిక్షణ ఏదీ?

ఆత్మరక్షణ తరగతుల నిర్వహణలో మన వ్యవస్థను పెద్దగా తప్పుపట్టడానికి లేదు గానీ, ఒక్క లోటు మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. తమను తాము కాపాడుకోవలసినవారికి నెలల తరబడి శిక్షణ ఇస్తున్న మనం, దాడికి దిగేవారిని పూర్తిగా గాలికి వదిలేశాం. వారికి తరగతి లేదు, మాస్టారు లేరు, బెల్టు పరీక్ష అంతకన్నా లేదు. ఇంతటి నిర్లక్ష్యానికి గురైన వర్గం నుంచి పద్ధతిగల ప్రవర్తనను ఎలా ఆశిస్తున్నామో అధికారులే సెలవియ్యాలి.

పద్ధతిగల దాడి ఎలా ఉంటుందో తెలియాలంటే ఏ కరాటే తరగతికైనా వెళ్ళి ‘ఇప్పోన్ కుమితే’ అనే అభ్యాసాన్ని గమనించాలి. అందులో దాడి చేసే వ్యక్తి ముందుగా వంగి నమస్కరిస్తాడు. తాను కొట్టబోయేది ముఖం మీదనైతే ‘జోదాన్’ అనీ, పొట్ట మీదనైతే ‘చూదాన్’ అనీ బిగ్గరగా ప్రకటిస్తాడు. ఆ పిమ్మట ఒక్క అడుగు ముందుకు వేసి, ఒకే ఒక్క గుద్దు విసిరి, ఎదుటివారు దాన్ని అడ్డుకుని, ఎదురుదెబ్బ తీసి, కేక పెట్టి, తిరిగి తమ స్థానానికి చేరేదాకా చాచిన చేతిని చాచినట్టే ఉంచి నిలబడతాడు. ఫొటోగ్రాఫరు ఆగమన్నాడని తలంబ్రాలు దోసిట్లో పట్టుకుని నిలిచిపోయిన పెళ్ళికొడుకు కూడా అంత ఓర్పు చూపడు. తనకు ఎడమచెయ్యి కూడా ఒకటుందన్న సంగతి ఈ పెద్దమనిషికి ఆ పూటంతా గుర్తుకు రాదు.

మణికట్టు విడిపించుకునే పాఠమూ ఇలాంటిదే. పట్టుకున్నవాడి బొటనవేలు మిగతా వేళ్ళను కలిసేచోట పట్టు బలహీనంగా ఉంటుంది కనుక, చేతిని ఆ వైపు తిప్పి లాగితే విడిపోతుందని చెబుతారు. సూత్రం నిక్కమైనదే, పనిచేస్తుంది కూడా. చిక్కల్లా సూత్రం తెలియనివాడితోనే. వాడు మణికట్టు బదులు జడ పట్టుకుంటాడు, వెనక నుంచి వస్తాడు, ఇద్దరు మిత్రులను వెంట తెచ్చుకుంటాడు. పైగా ‘ఒక కాలు వెనక్కి వేసి స్థిరంగా నిలబడండి’ అనే మొదటి ఆదేశాన్ని సాయంత్రం ఆరు గంటల సిటీ బస్సులో పాటించబోతే ఆ కాలు కండక్టరు పాదం మీద పడుతుంది. నిజాయితీ గల మాస్టార్లు అన్నిటికంటే మేలైన ఉపాయం గట్టిగా అరిచి పరుగెత్తడమేనని మొదటి రోజే చెబుతారు. అయితే పరుగుకు బెల్టూ లేదు, పరీక్ష ఫీజూ లేదు కాబట్టి ఆ పాఠానికి మరుసటి రోజు కొనసాగింపు ఉండదు.

చట్టం దృష్టిలో కూడా శిక్షణ పొందిన దుండగుడే మేలు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు గల సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును వివరిస్తూ, రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదని 37వ సెక్షన్‌లో హద్దు గీసింది. జడ ఎదుటివాడి గుప్పిట్లో ఉండగా, ఎంత హాని అవసరమో, ఎంత దాటితే అనవసరమో ఆ అమ్మాయి లెక్క వేసుకోవాలన్నమాట. దుండగుడు ముందుగా ‘చూదాన్’ అని ప్రకటించే సౌజన్యం చూపితే ఈ లెక్క ఎంత సులువయ్యేదో న్యాయకోవిదులు ఆలోచించాలి.

ఇక ప్రభుత్వం వైపు చూస్తే, సమగ్ర శిక్ష అనే కేంద్ర పాఠశాల విద్యా పథకం కింద ‘రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12 తరగతుల బాలికలకు మూడు నెలల శిక్షణ ఉంది. ఇందుకు పాఠశాలకు నెలకు రూ. 5,000 చొప్పున కేటాయించారు. ఆడపిల్లలకు ధైర్యం, ఒంటిమీద అదుపు వస్తాయంటే కాదనేవారెవరూ ఉండరు. ఆ మూడు నెలల్లో అదే బడిలోని అబ్బాయిలు ఏం నేర్చుకోవాలో మాత్రం ఈ పథకంలో లేదు. ప్రమాదం ఎటు నుంచి వస్తుందో తెలిసి కూడా, పాఠ్యప్రణాళికను రెండోవైపు వారికే రాసిపెట్టడం మన విద్యాశాఖల సంప్రదాయం కాబోలు.

దాడి చేసేవారికి కూడా పాఠం ఉండాలన్న ఈ ప్రతిపాదన వింతదేమీ కాదు. జిగోరో కానో 1882లో టోక్యోలో తన శిక్షణశాల కొడోకాన్‌ను స్థాపించి తీర్చిదిద్దిన జూడోలో అవతలివారిని పట్టి ఉంచేవాడికీ ఒక నియమం ఉంది. పట్టులో చిక్కినవారు చాప మీదో, పట్టినవాడి ఒంటి మీదో రెండుసార్లు తట్టగానే వదిలేయాలి. ఎందుకు తట్టావని అడగకూడదు, నిజంగానే తట్టావా అని సందేహించకూడదు, మొన్న నవ్వావు కదా అని వాదించకూడదు. తెల్ల బెల్టు కట్టుకున్న పిల్లవాడు కూడా దీన్ని తొలి రోజుల్లోనే నేర్చుకుంటాడు. ఈ ఒక్క పాఠం చెప్పడానికి నెలకు అయిదువేలు అక్కర్లేదు, మైదానం అక్కర్లేదు, ఇంట్లో భోజనాల వేళ కూడా చెప్పవచ్చు. అయితే ఇంట్లో ఆ పాఠం చెప్పవలసిన తండ్రులకు ముందుగా ఎవరు శిక్షణ ఇవ్వాలి, అందుకు ఎన్ని నెలలు పడుతుంది, ఉత్తీర్ణులు కానివారికి ఏ రంగు బెల్టు ఇవ్వాలి అన్న విషయాలపై ఉన్నతాధికారులు ఒక కమిటీ వేయవలసి ఉంటుంది.