చెప్పి చదివించాలి

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని హామ్లిన్ విశ్వవిద్యాలయంలో 2022 అక్టోబరులో కళాచరిత్ర అధ్యాపకురాలు ఒకరు ఆన్‌లైన్ తరగతిలో పద్నాలుగో శతాబ్దపు చిత్రం ఒకటి చూపించారు. అందులో మహమ్మద్ ప్రవక్త రూపం ఉంది. ఇలాంటి చిత్రాలు పాఠంలో వస్తాయని ఆమె సెమిస్టరు మొదట్లోనే సిలబస్‌లో రాశారు. ఇబ్బంది ఉన్నవారు తనతో మాట్లాడవచ్చన్నారు. ఆ రోజు చిత్రం తెర మీదికి వచ్చే ముందు మరోసారి చెప్పి, చూడలేనివారు తప్పుకునేందుకు వ్యవధి కూడా ఇచ్చారు. అయినా ఒక విద్యార్థిని నొచ్చుకుని ఫిర్యాదు చేశారు. తర్వాతి సెమిస్టరుకు ఆ అధ్యాపకురాలికి పిలుపు రాలేదు.

చెప్పకుండా చూపించి ఉంటే తప్పు పట్టవచ్చు. చెప్పి, మళ్లీ చెప్పి చూపించినా తప్పే అయింది. విశ్వవిద్యాలయ పాలకులు ఆ పాఠానికి ఇస్లాం వ్యతిరేక ముద్ర వేశారు. నిజానికి ఆ చిత్రం ఇరాన్‌ను ఏలిన మంగోలు వంశీయులు ఇల్‌ఖాను పాలకుల మంత్రి రషీదుద్దీన్ కూర్చిన చరిత్ర గ్రంథంలోనిది, అంటే ముస్లిం కొలువులో పుట్టినదే. అమెరికాలోని ముస్లిం సంస్థలు కొన్ని ముందుకొచ్చి అధ్యాపకురాలి పక్షాన మాట్లాడాక, 2023 జనవరిలో విశ్వవిద్యాలయం ఆ ముద్ర విషయంలో వెనక్కి తగ్గింది. ఆ సెమిస్టరు పాఠం మాత్రం అప్పటికే ఆమె చేజారిపోయింది.

ఈ గొడవ సద్దుమణగకముందే, మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి సభ ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. లైంగిక దాడి, గృహహింస, ఆత్మహత్య, జాతి విద్వేష నేరాల వంటివి పాఠంలో ఉంటే అధ్యాపకులు ముందుగా హెచ్చరించి తీరాలని, ఆ పాఠం వద్దనుకున్న విద్యార్థికి మార్కులు కోయరాదని అందులో కోరింది. లైంగిక దాడికి గురయ్యానన్న ఒక విద్యార్థిని తరగతి కోసం అత్యాచార ఘట్టం ఉన్న నవల చదవవలసి రావడం దీనికి నేపథ్యం. అధ్యక్షురాలు మార్తా పొలాక్ రెండు వారాలు గడవకముందే తీర్మానాన్ని తిరస్కరించారు. హెచ్చరిక చెప్పదలచిన అధ్యాపకులు చెప్పుకోవచ్చు, చెప్పి తీరాలని శాసించడం మాత్రం బోధనా స్వేచ్ఛకు విరుద్ధమన్నారు.

పొలాక్ నిర్ణయం సరైనదేనని మేం భావిస్తున్నాం. అయితే ఆ నిర్ణయాన్ని చూసి చప్పట్లు కొట్టినవారిలో చాలామంది చెప్పిన కారణాలతో మాకు పొత్తు కుదరదు.

ఇలాంటి ముందస్తు హెచ్చరికకు పేరైన ట్రిగర్ వార్నింగ్ అన్న మాట తరగతి గదిలో పుట్టలేదు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు ఏళ్లు గడిచినా ఒక చప్పుడుకో వాసనకో మళ్లీ యుద్ధభూమిలో ఉన్నట్టు వణికిపోవడాన్ని వైద్యులు గమనించారు. ఆ స్థితికి అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన రోగ వర్గీకరణ గ్రంథంలో చోటిచ్చింది. తర్వాత అత్యాచారాల నుంచి బయటపడిన స్త్రీలు ఇంటర్నెట్‌లో ఒకరి అనుభవాన్ని ఒకరు చదువుకునే చోట్ల, రాసే ముందు పైన ఒక మాట పెట్టడం మర్యాదగా మారింది. అది 2014 నాటికి సిలబస్ దాకా వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు హెచ్చరికలు కోరుతూ తీర్మానం చేశారు. అదే కాలంలో ఒహైయోలోని ఓబర్లిన్ కాలేజీ అధ్యాపకులకు ఇచ్చిన సూచనల్లో నైజీరియా రచయిత చినువా అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ను ఉదాహరణగా చూపింది. గొప్ప నవలేనట, కాని జాత్యహంకారాన్నీ వలస పాలననూ అనుభవించినవారికి కలత కలిగించవచ్చట. వలస పాలన గాయాన్ని తిరిగి చెప్పేందుకే రాసిన నవలకు గాయం రేపుతుందన్న చీటీ అంటించారన్నమాట. అధ్యాపకులు అభ్యంతరం చెప్పడంతో ఆ సూచనలను పక్కన పెట్టేశారు.

దీనికి వెటకారంతో జవాబు చెప్పినవారూ ఉన్నారు. 2016 ఆగస్టులో షికాగో విశ్వవిద్యాలయం కొత్తగా చేరబోయే విద్యార్థులకు ఉత్తరం రాస్తూ, ఇక్కడ ట్రిగర్ వార్నింగులను సమర్థించబోమని ముందే తేల్చిచెప్పింది. పద్దెనిమిదేళ్ల పిల్లలకు గడపలోనే ఎదురైన ఆ ధీమా మాకు నచ్చలేదు. (హెచ్చరికలు వద్దని ముందుగా హెచ్చరిస్తూ ఉత్తరం రాయడం ఏమిటో వారికే తెలియాలి.) మన ఇళ్లలో ఎవరి మరణవార్తనైనా మోసుకొచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి చటుక్కున అనేయడు. కాస్త కూర్చోండి, ముందు మంచినీళ్లు తాగండి అంటాడు. ఆ మాట వినగానే మన గుండె గుభేలుమంటుంది, నిజమే. అయినా అలా అన్నందుకు ఎవరూ అతన్ని తప్పు పట్టరు. ఎదుటివాడు మనిషని గుర్తుంచుకోవడం అంటే అదే. వచ్చే వారం చదవబోయే కథలో ఒక పసిబిడ్డ హత్య ఉందని అధ్యాపకుడు చెప్పడం కూడా అంతే. ఇందులో మేధస్సుకు వచ్చిన ముప్పేమీ లేదు.

మంచినీళ్లు తాగమన్నట్టు రుజువుగా సంతకం తీసుకోవాలని ఎవరైనా నిబంధన పెడితేనే అది ఎబ్బెట్టుగా మారుతుంది.

అసలు హెచ్చరిక పనిచేస్తుందా? ఇన్నేళ్ల వాదోపవాదాల్లో ఈ ప్రశ్నకు దక్కిన చోటు తక్కువ. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఆ తర్వాత న్యూజీలాండ్, ఆస్ట్రేలియా పరిశోధకులు 2018 నుంచి దీన్ని ప్రయోగాలకు పెట్టారు. 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో గతంలో తీవ్రమైన మానసిక గాయానికి గురైన 451 మందికి సాహిత్యంలోని కలతపెట్టే భాగాలు చదవనిచ్చారు. హెచ్చరిక చూసి చదివినవారికి దానివల్ల ఉపశమనమేమీ కనిపించలేదు. పైపెచ్చు ఆ గాయమే తమ జీవితానికి కేంద్రమన్న భావన వారిలో కొంత బలపడింది. 2023లో 12 అధ్యయనాలను కలిపి విశ్లేషిస్తే తేలిందేమిటంటే, హెచ్చరిక వల్ల చదివేటప్పటి బాధ తగ్గదు, పాఠం అర్థం కావడంలో తేడా ఉండదు, తప్పుకుపోయేవారూ పెరగరు. చదవబోయే ముందు ఆందోళన మాత్రం పెరుగుతుంది. హెచ్చరికతో గాయపడినవారికి రక్షణ దొరుకుతుందన్న విద్యార్థుల నమ్మకానికి గాని, హెచ్చరిస్తే అందరూ లేచి వెళ్లిపోతారన్న పెద్దల భయానికి గాని ఇందులో ఆధారం దొరకదు.

ఈ ప్రయోగాల్లో పరీక్షించింది తెర మీద కనిపించే రెండు ముక్కల చీటీని. సినిమాలో నటుడు సిగరెట్ వెలిగించగానే తెర మూలన ప్రత్యక్షమయ్యే వాక్యం లాంటిది అది. 2012 నుంచి ఆ వాక్యాన్ని చూస్తూనే ఉన్నాం. దాన్ని చదివి అగ్గిపుల్ల ఆర్పేసినవాణ్ని ఎవరూ చూడలేదు. ఈ పాఠంలో ఏముందో, దాన్ని ఎందుకు చదువుతున్నామో, చదవలేని రోజు ఎవరి దగ్గరికి రావాలో తెలిసిన అధ్యాపకుడు నోటితో చెప్పే నాలుగు మాటల సంగతి వేరు. వాటిని చీటీగా కుదించి నిబంధన పుస్తకంలో చేర్చాలన్న కోరికే మాకు అభ్యంతరం.

ఈ కోరిక ఎక్కడికి దారి తీస్తుందో న్యాయశాస్త్ర తరగతిలో ముందుగా కనిపించింది. హార్వర్డ్ న్యాయ కళాశాల ఆచార్యురాలు జీనీ సుక్ 2014 డిసెంబరులో రాసిన వ్యాసం ప్రకారం, వేర్వేరు సంస్థల్లో నేర న్యాయం బోధించే కొత్త అధ్యాపకులు డజను మంది అత్యాచార చట్టాన్ని తమ పాఠాల్లోంచి తీసేశామని ఆమెతో చెప్పారు. ఎందుకొచ్చిన తలనొప్పి అని. స్త్రీవాదులు దశాబ్దాలు పోరాడి ఆ అధ్యాయాన్ని తరగతిలోకి తెచ్చుకున్నారు. ఇప్పుడు బాధితుల పేరు చెప్పి దాన్ని బయటికి పంపుతున్నారు.

ఇక్కడ మన దేశపు చరిత్ర గుర్తుకొస్తోంది. 1978లో మథుర కేసులో, పోలీస్ స్టేషన్‌లో ఆదివాసీ బాలికపై జరిగిన అత్యాచారానికి శిక్ష పడిన ఇద్దరు పోలీసులను సుప్రీంకోర్టు నిర్దోషులుగా వదిలేసింది. ఒంటి మీద గాయాల్లేవు కాబట్టి ఆమె ప్రతిఘటించలేదన్నది. ఆ తీర్పును చదివి, రగిలిపోయి, 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాసిన ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగమ్వార్ నలుగురూ న్యాయశాస్త్ర అధ్యాపకులే. అది కదిలించిన ఉద్యమం వల్ల 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో అత్యాచారం ప్రత్యేక నేరమైంది. కలతపెట్టే ఆ తీర్పును పక్కన పెట్టి తర్వాతి పాఠానికి వెళ్లిపోయి ఉంటే ఆ లేఖ రాసేవారెవరు?

మన కాలేజీల్లో ఈ చర్చ లేదు. అలాగని మనం దృఢచిత్తులమనుకోనక్కర్లేదు. మన దగ్గర హెచ్చరించడం ఉండదు, దాటేయడమే ఉంటుంది. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే ‘ఇది మీరే ఇంటి దగ్గర చదువుకోండి’ అన్న మాట వినకుండా బడి దాటినవారు ఎంతమంది? డిగ్రీ తరగతిలో నన్నయ సభాపర్వం సంగతి మరో రకం. నిండు సభలోకి ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చిన ఘట్టం. భీముడు ఊరువు విరగ్గొడతానని శపథం చేసే ‘ధారుణి రాజ్యసంపద’ పద్యాన్ని మాస్టారు గొంతెత్తి చదువుతారు. నల్లబల్ల మీద గురువులు లఘువులు వేసి, భ ర న భ భ ర వ, ఉత్పలమాల అని తేలుస్తారు. గంట మోగుతుంది. ఆడపిల్లల బెంచీల్లో ఎవరైనా తల వంచుకుని కూర్చున్నారా, వారిలో ఎవరికైనా అది పురాణం కాక నిన్నటి సంగతిలా వినిపించిందా అని అడిగే అలవాటు మనకు లేదు. పాఠం చెప్పినట్టే ఉంటుంది, అందులోని మనిషిని దాటేసినట్టూ ఉంటుంది.

ఇక కలత అన్న మాట అధికారం ఉన్నవారి చేతికి చిక్కితే ఏమవుతుందో మనకు కొత్త కాదు. ఆ మాటకు మన దగ్గర మనోభావాలు అని పేరు. 2021 ఆగస్టులో ఢిల్లీ విశ్వవిద్యాలయం బీఏ ఆనర్స్ ఇంగ్లిష్ సిలబస్ నుంచి మహాశ్వేతా దేవి ‘ద్రౌపది’ కథను, దళిత రచయిత్రులు బామా, సుకీర్తరాణిల రచనలను తొలగించారు. విద్యామండలి సభ్యులు 15 మంది అసమ్మతి తెలిపినా ఫలితం లేకపోయింది. మహాశ్వేత కథలో ద్రౌపది సైన్యం చేతుల్లో అత్యాచారానికి గురైన ఆదివాసీ స్త్రీ. బాధితుల గోడు వినిపించే పుస్తకాలే ఎప్పుడూ ముందుగా బలవుతాయి. పాఠానికి ముందు చీటీ తప్పనిసరి చేస్తే, మన దగ్గర ఆ చీటీ పడిన పుస్తకాల జాబితానే రేపు తీసివేతల జాబితా అవుతుంది. మాకు ఇందులో అనుమానం లేదు.

అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘం 2014 ఆగస్టులోనే మరో సంగతి గుర్తుచేసింది. ఇలాంటి నిబంధనల భారం ఉద్యోగ భద్రత లేని అధ్యాపకుల మీద ఎక్కువగా పడుతుందని. హామ్లిన్ అధ్యాపకురాలు సెమిస్టరు సెమిస్టరుకు కుదిరే తాత్కాలిక ఉద్యోగి. మన తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో, డిగ్రీ కాలేజీల్లో పాఠాల భారాన్ని మోస్తున్న కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక్క ఫిర్యాదు చాలు, వచ్చే ఏడాది పిలుపు రాకపోవడానికి. అలాంటివారిని కష్టమైన పాఠం ధైర్యంగా చెప్పమనడం, పైగా చెప్పే ముందు నిబంధన ప్రకారం హెచ్చరించమనడం రెండూ వారి మెడకే చుట్టుకుంటాయి.

విద్యార్థి గాయం నిజమైనప్పుడు దానికి వైద్యం కావాలి. సిలబస్‌లో ఒక వాక్యం చేర్చడానికి కాలేజీకి పైసా ఖర్చు లేదు. మానసిక నిపుణుణ్ని నియమించడానికి జీతం ఇవ్వాలి. యాజమాన్యాలకు మొదటిది తేలిగ్గా ఎందుకు రుచిస్తుందో ఊహించడం కష్టం కాదు. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలని, అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని అందులో ఉంది. ఉభయ రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు, ఇంటర్మీడియట్ బోర్డులు ఈ ఒక్క అంశంపై కాలేజీలవారీ లెక్క తీసి ప్రజల ముందు పెట్టాలి. తరగతి గది బయట టైంటేబుల్ అతికించిన చోటే కౌన్సెలర్ పేరు, ఉండే గంటలు, గది సంఖ్య కూడా అతికించమనాలి. సభాపర్వం చెప్పే మాస్టారు గంట మోగే ముందు ఆ కాగితం వైపు చూపించి ఒక్క మాట అనగలిగేది, ఆ గదిలో నిజంగా మనిషి ఉన్నప్పుడే.