తల్లిదండ్రులే అడ్డు, లేకపోతే కమిటీ బ్రహ్మాండం

బడుల్లో తల్లిదండ్రుల భాగస్వామ్యం కోసం ప్రభుత్వాలు చేయాల్సిందంతా చేసేశాయి. చట్టం ఉంది, కమిటీ ఉంది, ఎన్నిక ఉంది, నిధులున్నాయి, యాప్ ఉంది, ఫ్లెక్సీ ఉంది. సహకరించనిది తల్లిదండ్రులొక్కరే. ఈ మాట మొహమాటం లేకుండా ఎవరో ఒకరు చెప్పాలి కదా, నేనే చెప్తున్నాను.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి. 22వ సెక్షన్ మరీ ముద్దుగా ఉంటుంది. బడికి ఏం కావాలో కమిటీ ప్రణాళిక రాయాలట, ఆ ప్రణాళికని బట్టే ప్రభుత్వం గ్రాంటు ఇవ్వాలట. మా వైపు దీన్ని కాస్త తిరగేసి అమలు చేస్తారు, అంతే తేడా. ముందు గ్రాంటు వస్తుంది, అదీ మార్చి దగ్గర పడ్డాక, 31 లోపు ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుందన్న టెన్షన్‌లో హెడ్మాస్టారు కొనాల్సినవేవో కొనేస్తారు, సరిగ్గా అవే కావాలని మేమంతా ముక్తకంఠంతో కోరినట్టు ఆ తర్వాత తీర్మానాల పుస్తకంలో రాస్తారు. మన కోరికేమిటో మనకంటే ముందే కనిపెట్టే ఏర్పాటు దేవుడి దగ్గర కూడా లేదు.

ఇక డబ్బు సంగతి. బడులకి నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్ష మార్గదర్శకాల్లో కమిటీ శిక్షణకి బడికి 3,000 రూపాయల దాకా, ఊరివాళ్ళని కదిలించడానికి 1,500 దాకా రాశారు. రెండూ కలిపి 4,500. ఐదో తరగతి దాకా ఉన్న బడిలో తరగతికి ముగ్గురు చొప్పున పదిహేను మంది తల్లిదండ్రులు కమిటీలో ఉంటారు. మీటింగు పనిరోజున, పొద్దున్న పదకొండు గంటలకి. ఆ టైముకి ఆంధ్రాలో మా రాజాం పక్క పల్లెల్లో అమ్మలు ఉపాధి పనిలో మట్టి ఎత్తుతుంటారు, 2025-26లో ఆ కూలి రోజుకి 307 రూపాయలు. పదిహేను మందికీ ఒక్క రోజు కూలి కట్టిస్తే 4,605. అంటే మనం బాగా ఆశపడి ఏడాదికి మంజూరు చేసుకున్న భాగస్వామ్యమంతా ఒక్క మీటింగుకే చెల్లిపోయి, ఇంకో 105 రూపాయలు బాకీ పడతాం. కూలి ఇవ్వాలని ఏ జీవోలోనూ లేదు కాబట్టి ఈ ప్రమాదం తప్పింది. ఆ డబ్బుతో ఫ్లెక్సీ వేయించి, సమోసాలు, టీ తెప్పిస్తారు. ఫ్లెక్సీ కూలి అడగదు, ఆధార్ జిరాక్సు మర్చిపోదు, ముఖ్యంగా నోరెత్తదు.

నోరెత్తేవాళ్ళ వల్ల ఎంత ఇబ్బందో చెప్తాను. ఒక మీటింగుకి ఓ మామ్మ వచ్చింది. కొడుకూ కోడలూ హైదరాబాదులో బిల్డింగుల పనికి పోయారు, మనవడు ఈమె దగ్గరే. ఇక్కడ సగం పిల్లలకి తల్లిదండ్రులంటే మామ్మా తాతే. ఫోటో అయ్యేదాకా ఓపిగ్గా కూచుని అప్పుడు లేచింది. "బావూ, దొడ్డికి నీల్లు లేవు, గుంటలు తుప్పల్లోకెల్తన్నారు. మా కోడలికొచ్చే డబ్బుల్లో రెండేలు మినాయించినారు గదా, అవేటయినాయి?" అంది. (గుంటలంటే మా వైపు పిల్లలు.)

చూశారా అమాయకత్వం. బడికెళ్ళే పిల్లల తల్లులకి ప్రభుత్వం డబ్బు వేసే తల్లికి వందనం పథకం కింద పిల్లకి 15,000 అంటే అందులో 2,000 బడి నిర్వహణకి ఆపి 13,000 తల్లి ఖాతాలో వేస్తారు, అంతకు ముందు అమ్మ ఒడిలోనూ ఇలాగే కోత ఉండేది. పార్టీలు ఎన్ని మారినా తల్లి వాటా మాత్రం భద్రంగా కొనసాగుతోంది. తల్లిదండ్రుల భాగస్వామ్యానికి ప్రభుత్వం బడికి ఇచ్చేది 4,500, బడి భాగ్యానికి తల్లి ఒక్కో పిల్లకి ఇచ్చేది 2,000. పాతికమంది పిల్లలున్న బడిలో ఎవరు ఎవరికి నిధులిస్తున్నారో మీరే చూసుకోండి. మామ్మ ప్రశ్న మాత్రం వృథా పోలేదు. "పారిశుద్ధ్యంపై సభ్యులు అమూల్యమైన సూచనలు చేసిరి" అని పుస్తకంలో ఎక్కింది, కింద ఆవిడ వేలిముద్ర కూడా ఉంది.

(హెడ్మాస్టార్ని ఏమనగలం, గుడ్డుకో ఫోటో, దొడ్డికో ఫోటో, హాజరుకో ఫోటో ఎక్కించేసరికే ఆయన పొద్దు వాలిపోతుంది. అన్నట్టు, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. బడి బోర్డు మీద జిల్లా పేరు మారింది, పెరట్లో బోరు మాత్రం అలాగే ఉంది.)

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టారు. తల్లులకి ముగ్గుల పోటీ, నాన్నలకి తాడు లాగుడు. ఆలోచన గొప్పదే. కాకపోతే మా పల్లెల్లో తాడుకి ఒకవైపు నాన్నలే దొరికితే గొప్ప, రెండోవైపు వాళ్ళు చెన్నైలో సిమెంటు బకెట్ల తాళ్ళు లాగుతూ ఉంటారు.

కాబట్టి నా ప్రతిపాదన ఏమిటంటే, తల్లిదండ్రుల్ని ఔట్‌సోర్సింగ్‌లో తీసుకోవాలి. మండలానికో పాతిక మంది చాలు, ఆటోలో బడి తర్వాత బడికి తిరుగుతారు. ఇస్త్రీ చొక్కా తప్పనిసరి, చీరల రంగు ఏజెన్సీయే చెప్తుంది. చప్పట్లు కొట్టడంలో అనుభవం ఉండాలి. సొంత పిల్లలు అదే బడిలో చదువుతుంటే అనర్హులు, స్వప్రయోజనం అడ్డొచ్చి నీళ్ళూ నిప్పులూ అని మొదలెడతారు. ఈ ఒక్క అర్హత విషయంలో మన అధికారుల్లో, నాయకుల్లో చాలామంది ఇప్పటికే పాసైపోయారు, పరీక్ష కూడా అక్కర్లేదు.

దీని మీద అసలు తల్లిదండ్రులకి అభ్యంతరాలుంటే తప్పకుండా వింటాం. ఏ పనిరోజైనా సరే, పొద్దున్న పదకొండు నుంచి పన్నెండు లోపు, ఆధార్ జిరాక్సుతో రావాలి.