వాటా కంటే ముందు లెక్క అడగాలి

పెద్దకర్మ ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక వీలునామా బయటికి వస్తుంది. ఏ ఆస్తి ఎవరికో చదువుతున్నంతసేపూ అందరూ చెవులు రిక్కించి వింటారు. దాన్ని అమలు చేసే బాధ్యత ఫలానా వారిదని రాసిన చివరి పేరా మీద మాత్రం ఎవరి దృష్టీ నిలవదు. ఆ పేరు సాధారణంగా పెద్దకొడుకుదో, పెద్దల్లుడిదో, మేనమామదో అవుతుంది. పోయినాయన తనకిచ్చిన గౌరవంగా ఆయన దాన్ని తీసుకుంటాడు. మిగిలినవాళ్లూ అలాగే చూస్తారు. గౌరవానికి గడువు ఉండదు కాబట్టి పని నత్తనడక పట్టడం అక్కడే మొదలవుతుంది.

‘సంవత్సరీకం కానీయండి, తరువాత చూద్దాం’ అన్నది మన ఇళ్లలో వినిపించే మొదటి వాయిదా. విచిత్రంగా చట్టం ఇచ్చిన గడువు కూడా అంతే. భారత వారసత్వ చట్టం, 1925లోని 337వ సెక్షన్ ప్రకారం, వీలునామా రాసిన మనిషి చనిపోయి ఏడాది గడిచేదాకా వాటాలు అప్పగించి తీరాలని, వీలునామా అమలు చేసే బాధ్యుడైన ఎగ్జిక్యూటర్‌ను బలవంతపెట్టలేం. ఆరు నెలల్లో ఇవ్వాలని వీలునామాలోనే రాసి ఉన్నా ఈ వెసులుబాటు పోదు. దీనికి కారణం ఉంది. అంత్యక్రియల ఖర్చులు, కోర్టు ఖర్చులు, పనివాళ్ల జీతాల బకాయిలు, ఆ తరువాత అప్పులు తీరాకే వారసుల వంతు వస్తుంది. వాటాలు పంచేశాక ఎవరో అప్పు పత్రం పట్టుకుని గుమ్మంలో నిలబడితే జవాబు చెప్పాల్సింది ఎగ్జిక్యూటరే. అందుకే మొదటి ఏడాదిలోనే ‘ఇంకా ఎన్నాళ్లు అన్నయ్యా’ అని తొందరపెట్టే తమ్ముళ్ల మీద నాకు పెద్దగా సానుభూతి లేదు. సంవత్సరీకం దాటాక మాత్రం లెక్క మారుతుంది. ఇంత సొమ్ము ఇవ్వాలని మాత్రమే రాసి, ఎప్పుడివ్వాలో చెప్పని వాటాకు ఆ రోజు నుంచి సాధారణంగా వడ్డీ కూడా నడుస్తుంది. వీలునామా రాసినవారు హిందువులో ముస్లిములో అయితే చట్టం పెట్టిన రేటు ఏడాదికి 6 శాతం.

ఆలస్యం వల్ల జరిగే అసలు నష్టం వడ్డీలో కనిపించదు. తెలుగునాట పెద్దవాళ్ల బీరువా తెరిస్తే బ్యాంకు పాసుపుస్తకాలతో పాటు ప్రామిసరీ నోట్లు కూడా ఉంటాయి. ఊళ్లో ఒకరికి లక్ష, ఇంకొకరికి రెండు లక్షలు. నోటుకు మూడేళ్లలో కాలం చెల్లుతుంది. బాకీదారు పోయినాయన మీద గౌరవంతో ‘ఇస్తాలే బాబూ’ అంటూనే ఉంటాడు, ఎగ్జిక్యూటర్ మొహమాటపడుతూనే ఉంటాడు. దావా వేశాక డిక్రీ రావాలంటే ప్రొబేటో (వీలునామా సరైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ), వారసత్వ ధ్రువపత్రమో కోర్టుకు చూపాలి. వాటికే నెలలు పడతాయి. ఇలా ఉదాసీనతతో బాకీని కాలదోషం పట్టనిస్తే ఆ నష్టం ఎగ్జిక్యూటర్ సొంత జేబులోంచి పూడ్చాలని అదే చట్టంలోని 369వ సెక్షన్ చెబుతోంది. సరిగ్గా ఇలాంటి సందర్భాన్నే చట్టంలో ఉదాహరణగా ఇచ్చారు. ఈ సంగతి తెలిసిన పెద్దన్నలు ఎందరున్నారో!

సాక్షుల సంగతి ఇంకా ముఖ్యం. వీలునామాకు కనీసం ఇద్దరి సాక్షి సంతకాలు ఉండాలి. వివాదం వస్తే బతికున్నవారిలో కనీసం ఒకరైనా కోర్టుకు వచ్చి, తన ఎదుటే సంతకం జరిగిందని చెప్పాలి. రిజిస్టర్ చేసిన వీలునామాకైనా ఇదే నియమం. మన దగ్గర సాక్షులుగా ఎవరిని పిలుస్తారు? పక్కింటి రిటైర్డు మాస్టారును, తండ్రితో కలిసి ఉద్యోగం చేసిన స్నేహితుణ్ణి. తండ్రికి 80 ఏళ్లుంటే వాళ్లకూ అంతే. ఎగ్జిక్యూటర్ నాలుగేళ్లు తాత్సారం చేసే లోపు ఇద్దరూ కన్నుమూస్తే, ఆ వీలునామాను చేతిరాత పోలికలతో నిరూపించుకోవాల్సిన గతి పడుతుంది. అప్పటిదాకా నోరెత్తని దాయాదికి కూడా అప్పుడే ధైర్యం వస్తుంది.

బ్యాంకు డబ్బు ఎక్కడికీ పోదనుకుంటాం. పదేళ్లు ఎవరూ ముట్టుకోని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి వెళ్తాయి. ఏడేళ్లు ఎవరూ అడగని డివిడెండ్లు, వాటితో పాటు షేర్లు కూడా కేంద్రం నిర్వహించే మదుపుదారుల నిధికి చేరతాయి. తిరిగి తెచ్చుకోవచ్చు, కాగితాల యాతన మాత్రం తప్పదు. బ్యాంకులకైతే, అన్ని పత్రాలూ అందాక 15 రోజుల్లో చనిపోయిన ఖాతాదారు క్లెయిము తేల్చాలన్న నిబంధన ఉంది. ఏళ్లు గడిచినా డబ్బు రాలేదంటే, చాలాసార్లు కారణం బ్యాంకు కౌంటరు వెనుక ఉండదు, పత్రాలు పట్టుకెళ్లని మన మనిషి దగ్గరే ఉంటుంది. కొన్ని ఇళ్లలో ఆ మనిషే నామినీ. డబ్బు ఆయన ఖాతాలోకి ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. నామినీ డబ్బు అందుకునే మనిషేగానీ హక్కుదారు కాడని సుప్రీంకోర్టు బీమా పాలసీ విషయంలో 1983లోనే చెప్పింది (భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే బీమా డబ్బుకు ఈ నియమం 2015లో మారింది), షేర్ల విషయంలో 2023లో మళ్లీ చెప్పింది.

ఇన్ని నష్టాలున్నా ఎవరూ ఎందుకు అడగరు? అడిగితే వచ్చే మొదటి మాట ‘నా మీద నమ్మకం లేదా?’ అన్నదే. ఆ ఒక్క ప్రశ్నతో చెల్లెలు దోషి అయిపోతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న తమ్ముడైతే ‘అక్కడ సంపాదిస్తున్నది చాలదా’ అనే మాట కూడా పడాలి. నా దృష్టిలో తప్పు అడగడంలో లేదు, అడిగే వస్తువులో ఉంది. వాటా అడిగితే అది తగాదాగా వినిపిస్తుంది. లెక్క అడగడం ఆయన చేయాల్సిన పనినే గుర్తు చేయడం. ఆస్తుల జాబితా ఏమిటి, అప్పులెన్ని తేలాయి, ఇంటి అద్దె ఏ ఖాతాలో పడుతోంది, ఈ మూడు నెలల్లో ఏ ఆఫీసుకు వెళ్లారు అని తేదీ వేసి రాతలో అడగాలి. తోబుట్టువులందరికీ ఒకే ఉత్తరం వెళ్లాలి. ఫోనులో అడిగినవేవీ తరువాత లెక్కలోకి రావు.

ఆ ఉత్తరంలోనే ఇంకో మాట కూడా రాయాలి: ‘ఇప్పటిదాకా మీకైన ఖర్చులు చెప్పండి, ముందు అవి తీసేద్దాం.’ నిజం చెప్పాలంటే చాలామంది ఎగ్జిక్యూటర్లు దొంగలు కారు, అలసిపోయినవాళ్లు. తహసీల్దారు కార్యాలయంలో పట్టా మార్పిడికి, మునిసిపాలిటీలో ఇంటి పన్ను పేరు మార్పుకు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి పింఛను డబ్బులతో తిరుగుతున్న మేనమామకు ఎవరూ కనీసం ఆటో చార్జీ ఇచ్చి ఉండరు. ఆయనకు చేతకాకపోతే గౌరవంగా తప్పుకునే దారి చూపాలి. బాధ్యత ఇంకా మొదలుపెట్టని ఎగ్జిక్యూటర్ దాన్ని వదులుకోవచ్చు. మొదలుపెట్టినవారు కోర్టు ద్వారా విడుదల పొందాలి.

చట్టం ఇచ్చిన ఆయుధాల్లో ఒక లొసుగు ఉంది. ప్రొబేట్ మంజూరైన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చుల లెక్క ఎగ్జిక్యూటర్ కోర్టుకు ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రొబేట్ రద్దు చేయించవచ్చు. అయితే మన రెండు రాష్ట్రాల్లోని ఆస్తులకు హిందువుల వీలునామా మీద ప్రొబేట్ తప్పనిసరి కాదు. ఖర్చు, కాలం కలిసొస్తాయని చాలామంది దాని జోలికి వెళ్లరు. ప్రొబేట్ లేకపోతే ఈ గడువులూ ఉండవు. మనం వెసులుబాటు అనుకున్నదే బద్ధకస్తుడికి కవచమైంది. అలాంటప్పుడు లెక్క తేల్చి ఆస్తి పంచమని సివిల్ కోర్టులో నిర్వహణ దావా వేయవచ్చు. ఎగ్జిక్యూటర్‌ను తొలగించమని 301వ సెక్షన్ కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. వాటా కోసం ఎగ్జిక్యూటర్ మీద దావా వేయడానికి 12 ఏళ్ల గడువుంది. అంతకాలం ఆగమని మాత్రం ఎవరికీ చెప్పను.

కోర్టుకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తలుపు తట్టడం మేలు. కేసు వేయకుండానే అక్కడ లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు. ఆ రాజీ మీద ఇచ్చే అవార్డుకు (ఉత్తర్వుకు) సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంది, దాని మీద అప్పీలు ఉండదు. ఊరి పెద్దమనుషుల మాటకు ఆ బలం లేదు.

ఒక్క చిన్న కాగితంతో తేలిపోయే వాటాలు కూడా ఉంటాయి. వీలునామా ద్వారా వచ్చే హక్కు పూర్తి కావడానికి ఎగ్జిక్యూటర్ సమ్మతి అవసరం. ఆ సమ్మతి నోటిమాటగా ఉన్నా, ఆయన నడతలో కనిపించినా చట్టానికి చాలు. కాబట్టి అన్నీ తేలాకే పంచుదామని పట్టుబట్టకుండా, తగాదా లేని ఇంటికో పొలానికో సమ్మతి రాయించుకుంటే సగం బరువు దిగుతుంది. రెవెన్యూ ఆఫీసులో మిగతా వారసుల నిరభ్యంతర పత్రం కూడా అడగవచ్చు, దాన్ని కూడా అదే రోజు రాయించుకోవాలి.

ఇక వీలునామా రాయబోతున్నవారి సంగతి. ఎగ్జిక్యూటర్‌గా ఒక్కరినే పెట్టాలని ఎక్కడా లేదు. పెద్దకొడుకుతో పాటు కూతురి పేరు కూడా రాయవచ్చు. వేరే షరతు పెట్టకపోతే, ప్రొబేట్ పొందిన ఏ ఒక్కరైనా అందరి అధికారాలూ వాడవచ్చు. ఖర్చులు ఏ ఖాతాలోంచి తీయాలో, మొదటివారు ఇన్ని నెలల్లో కదలకపోతే ఎవరు చేపట్టాలో రెండు వాక్యాల్లో రాస్తే చాలు. సాక్షులుగా మీ ఈడు స్నేహితులను కాక, నలభైల్లో ఉన్న ఇద్దరిని పిలవండి.