లివరు తినగా మిగిలింది

కంటికి కనబడనంత చిన్న కణాల్లో మందు పెట్టి ఒంట్లోకి ఎక్కించే నానో వైద్యం గురించి సభల్లో మాట్లాడే పెద్దలంతా ఒకే మాట చెబుతారు: మందు నేరుగా క్యాన్సర్ కణితికే పోతుంది, మిగతా ఒంటిని ముట్టుకోదు. "నేరుగా లబ్ధిదారు ఖాతాలోకే" అన్న మాట వినీ వినీ రాటుదేలిన తెలుగువాళ్లకు ఇక్కడే అనుమానం రావాలి.

అనుమానం నిజమే. 2016లో టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు అంతకుముందు పదేళ్ల పరిశోధనలన్నీ తిరగేసి లెక్క తీశారు. ఎక్కించిన నానో కణాల్లో కణితిదాకా చేరేవాటి మధ్యస్థ విలువ 0.7 శాతం. రూపాయికి ముప్పావు పైసా కూడా కాదు. ఆ ప్రయోగాలు ఎక్కువగా ఎలుకల మీద చేసినవి. ఎలుకలకు పార్టీలు లేవు కాబట్టి గత ప్రభుత్వం మీదికి నెట్టెయ్యడానికీ వీల్లేదు.

మరి మిగతాది? చాలావరకు లివరు, ప్లీహం దగ్గరే ఆగిపోయింది. రక్తంలో కొత్త ముఖం కనబడితే పట్టుకుని మింగడం లివరులోని కుఫర్ కణాల ఉద్యోగం. పాపం, అది అవినీతి కూడా కాదు, డ్యూటీ. వాటి కళ్లు కప్పడానికే శాస్త్రవేత్తలు మందు నింపిన కొవ్వు బుడగలకు (ఇవీ నానో కణాలే) పాలిమర్ తొడుగు వేశారు.

అలాంటి తొడుగుతో 1995లో అమెరికాలో అనుమతి పొందిన క్యాన్సర్ మందు డాక్సిల్. నిజం చెప్పాలంటే దాని గొప్పంతా గుండెను కాపాడటంలో ఉంది. లోపలుండే అసలు మందు డాక్సోరూబిసిన్‌ది గుండెను దెబ్బతీసే స్వభావం. బుడగలో పెట్టాక ఆ హాని బాగా తగ్గింది. బదులుగా కొందరికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతాయి. చేతులు తడపనిదే ఫైలు కదలదని మందుకు కూడా తెలిసిపోయినట్టుంది.

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోకండి. 2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ కోసం మనవాళ్లు వెతుక్కున్న లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్ కూడా నానో మందే. కొవ్వు బుడగలో కూర్చుని, కిడ్నీలను మామూలు మందంతగా బాధించకుండా పని చేస్తుంది. ఒంట్లోకి దిగాక దాని దారి దానికి తెలుసు. తెలియనిదల్లా కంపెనీ నుంచి పేషెంటు మంచందాకా దారే. కేంద్రం రాష్ట్రాలకు కోటాలు పంచింది, బంధువులు చీటీ పట్టుకుని మందుల షాపులన్నీ తిరిగారు. ఆ ప్రయాణంలో ఎంత శాతం చేరిందో టొరంటోవాళ్లు లెక్క తియ్యలేదు.

లివరుకు విరుగుడు మాత్రం 2020లో వాళ్లే చెప్పారు. దాన్ని మందలించలేదు, బదిలీ చెయ్యలేదు, విచారణ కమిటీ వెయ్యలేదు. మింగలేనంత పెట్టారు. ఎలుకకు లక్ష కోట్లకు మించి కణాలు ఎక్కిస్తే లివరు చేతులెత్తేస్తుంది, మిగిలినవి ముందుకు పోతాయి. అలా కణితికి చేరేది 12 శాతం దాకా పెరిగింది. లక్ష కోట్లు అనగానే ఉలిక్కిపడేవాళ్లు మన రాష్ట్రాల్లో ఇంకా ఉన్నారని నేననుకోను, ప్రాజెక్టుల అంచనాలు చదువుతూ పెరిగినవాళ్లం. పేదవాడికి రూపాయిలో 15 పైసలే చేరుతున్నాయని 1985లో రాజీవ్ గాంధీ వాపోయారు. వైద్యశాస్త్రం ఇంకో 3 పైసలు కష్టపడితే ఆ స్థాయి అందుకుంటుంది.