టెన్షనర్ బేరింగు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టెన్షనర్ బేరింగు గారి దివ్య సముఖమునకు,

తమరు క్షేమమని తలుస్తాను. నిన్న వర్క్‌షాపులో అందరూ ముక్తకంఠంతో చెప్పిందీ అదే. నా బైకు ఇంజను గరగరమంటోందని తీసుకెళ్తే, తప్పు బెల్టుదేనని రెండు సిలిండర్లకీ కొత్త టైమింగ్ బెల్టులు, అంటే కామ్‌ని (వాల్వులు తెరిచే ఇరుసుని) తిప్పే పళ్ళ బెల్టులు వేశారు, కవర్లు బిగించారు, బండి స్టార్ట్ చేశారు. ఇంజను వేడెక్కేదాకా అంతా నిశ్శబ్దం. వేడెక్కగానే, బెల్టుని బిగువుగా పట్టి ఉంచే చిన్న పుల్లీలో కూర్చున్న తమరు గొంతు సవరించుకున్నారు. అదే గరగర. పాత బెల్టుతో ఏ శ్రుతిలో ఉందో కొత్త బెల్టుతోనూ అచ్చం అదే శ్రుతి. బిల్లు మాత్రం కొత్తది.

పీకేసిన బెల్టుని వెనక్కి అడిగి తీసుకుని చూశాను. తిరగేసి వంచి చూసినా ఒక్క పగులు లేదు, పన్ను అరగలేదు, అంచున పోగు లేవలేదు. వయసైపోయింది కాబట్టి మార్చామన్నారు, సరే, దానికి నేనేం అడ్డుచెప్పను. కానీ శబ్దానికి కారణం అదేనంటేనే ఒప్పుకోను. దాని గోల వేరు. లూజైతే యాక్సిలేటర్ ఒక్కసారి తిప్పి వదిలినప్పుడు కవరుకి తగిలి టపటపలాడుతుంది. బిగువెక్కువైతే ఇంజను వేగంతో పాటు సన్నగా ఊళ పెడుతుంది. పక్కకి జరిగితే అంచు రాసుకుని కవరులో నల్లటి పొడి రాలుస్తుంది. ఇవేవీ చెయ్యలేదు పాపం. చేసింది తమరు, చెత్తబుట్టలోకి వెళ్ళింది అది.

పోనీ తమర్ని ఎవరూ పరీక్షించలేదా అంటే, పరీక్షించారు! అదే కదా నా బాధ. బెల్టు తీశాక మెకానిక్ గారు వేలితో తమర్ని ఒక్క తిప్పు తిప్పారు. బొంగరంలా తిరిగారు. ఎంతకీ ఆగరే! "చూశారా సార్, ఎంత ఫ్రీగా తిరుగుతోందో. బ్రహ్మాండంగా ఉంది" అన్నారాయన, తన బిడ్డకి ఫస్టు ర్యాంకు వచ్చినంత సంబరంగా.

ఏమి నటన స్వామీ! లోపల గ్రీజున్న సీల్డ్ బేరింగు అలా తిరుగుతుందా? వేలితో తోస్తే కాస్త బరువుగా, చప్పుడు లేకుండా కదిలి, వెంటనే ఆగిపోవాలి. అలా ఆగకుండా తిరిగిందంటే గ్రీజు ఎండిపోయింది, లోపలి గుండ్లు ఒట్టి ఇనుము మీద దొర్లుతున్నాయని అర్థం. చెవి దగ్గర పెట్టి వింటే ఇసుక నలిగినట్టు సన్నటి చప్పుడు వినిపిస్తుంది కూడా. మీద భారం లేనప్పుడు ఆ మాత్రం చప్పుడు షాపు రేడియోలో కలిసిపోతుంది. బెల్టు బిగించి, సిలిండరు వేడి తగిలితే అప్పుడు బయటపడుతుంది తమరి అసలు గాత్రం.

ఆ తర్వాత బిగువు సరిపోయిందో లేదో చూడటానికి ఫోన్లో ట్యూనర్ పెట్టి, చల్లటి ఇంజను మీద బెల్టుని మీటి, నా బండికి చెప్పిన లెక్క ప్రకారం 110 హెర్ట్జ్ చూపించారు. గిటారులో లావు తీగల వైపు నుంచి రెండో తీగ శ్రుతి అది. శబ్దం పోలేదనేసరికి ఇంకాస్త బిగిద్దామన్నారు. అయ్యా, బెల్టు శ్రుతి సరిగ్గానే ఉంది, అపశ్రుతి పుల్లీలో ఉంది! బెల్టు బిగించేకొద్దీ ఆ భారమంతా పడేది తమరి మీదే కదా! పక్కనే ఉన్న ఇంకొకాయన బెల్టు మీద స్ప్రే కొట్టమన్నాడు. పళ్ళున్న రబ్బరు బెల్టు మీద నూనె! ఆయనకి వేరే ఉత్తరం రాస్తాను.

చివరికి నేనే కవరు విప్పించి, ఇంజను ఐడిల్‌లో ఉండగా, తిరిగే బెల్టుకి దూరంగా, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని తమరి బోల్టు మీద ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాను. అబ్బ! దాచుకున్నదంతా కక్కేశారు.

తమరి కష్టం తెలియక కాదు. కామ్ ఇంజను వేగంలో సగమే తిరిగినా, తమరు చిన్నవారు కాబట్టి దానికంటే వేగంగా పరుగెత్తాలి. పుట్టినప్పుడు పెట్టిన గ్రీజే చివరిదాకా. అరిగిపోయావు, సరే. అరిగిపోయి కూడా వేలు తగలగానే కుర్రాడిలా గిరగిరా తిరుగుతావేం? నువ్వు పట్టేస్తే ఏమవుతుందో తెలుసా? బెల్టు పళ్ళు ఊడతాయి, టైమింగ్ తప్పుతుంది, వాల్వులు వెళ్ళి పిస్టన్‌ని గుద్దుకుంటాయి. ఆ రోజు కూడా అందరూ "బెల్టు తెగింది సార్" అనే అంటారు. నీ పేరు ఎక్కడా రాదు!

మీ బంధువర్గం సంగతీ కాస్త చూసుకో. 1975లో బెల్టులతో వచ్చిన హోండా గోల్డ్ వింగు 1800 సీసీ మోడల్‌కి వచ్చేసరికి చైన్లకి మారింది. డుకాటి 1199 పానిగాలేలోనూ చైనే. మీకు ఉద్యోగాలు తగ్గుతున్న రోజుల్లో ఇలాగేనా ఉండేది?

కొత్త బేరింగులకి ఆర్డర్ పెట్టాను. రాగానే ప్లగ్గులు విప్పి, కామ్ గుర్తులు కలిపి, బెల్టు సడలించి, ముందు నిన్నే పీకిస్తాను. బెల్టుని మళ్ళీ 110కే బిగిస్తారు, ఒక్క హెర్ట్జ్ కూడా ఎక్కువ కాదు.

ఇట్లు,
తమరి కచేరీకి టికెట్ కొన్న శ్రోత

తా.క.: రెండో సిలిండరు దగ్గర నక్కిన తమ్ముడు గారూ, తమరు నవ్వకండి. ఆర్డర్ పెట్టింది సెట్టుకి.