టీడీఎస్ మీటరుకు దొరకని విషం

ట్యాంకర్ నీళ్లు సంపులోకి దిగగానే చాలా అపార్టుమెంట్లలో చేసే పరీక్ష ఒక్కటే. గ్లాసులో నీళ్లు పట్టి టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల మొత్తం) మీటరు ముంచుతారు. 300 చూపిస్తే అందరికీ నిశ్చింత. నిజానికి ఆ మీటరు చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందన్నదే. లవణాలుంటే అంకె పెరుగుతుంది. ట్రైక్లోరోఇథిలీన్, మందుల ఫ్యాక్టరీల్లో ఎండీసీ అని పిలిచే డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్లకు, అంటే జిడ్డునూ రసాయనాలనూ కరిగించే పారిశ్రామిక ద్రవాలకు, విద్యుదావేశం లేదు. తాగునీటి పరిమితికి వంద రెట్లున్నా అంకె కదలదు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వోబర్న్ పట్టణం ఈ పాఠం చాలా ఖరీదుగా నేర్చుకుంది. 1960లలో తవ్విన జీ, హెచ్ అనే రెండు మున్సిపల్ బావుల నీళ్లు రుచీ వాసనా బాగోలేవని జనం ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 1979 మేలో దగ్గరలోని ఖాళీ స్థలంలో 184 పీపాల పారిశ్రామిక వ్యర్థాలు బయటపడ్డాకే సాల్వెంట్ల పరీక్ష జరిగింది. లీటరుకు 267 మైక్రోగ్రాముల ట్రైక్లోరోఇథిలీన్ తేలింది. అమెరికా ఆ తర్వాత పెట్టుకున్న పరిమితి 5. 1969 నుంచి 1979 వరకు ఆ ఊళ్లో 5 కేసులు రావలసిన చోట 12 మంది పిల్లలకు లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చింది. పీపాలు కనబడకపోయి ఉంటే ఆ నీళ్లు ఇంకెన్నాళ్లు తాగేవారో!

ఈ ట్రైక్లోరోఇథిలీన్ నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. నేల మీద ఒలికితే నీటిమట్టం దగ్గర ఆగకుండా అడుగుకు దిగి, రాతి పగుళ్లలో మడుగు కట్టి, దశాబ్దాల పాటు కొంచెం కొంచెంగా కరుగుతూ ఉంటుంది. ఒక్క లీటరు చాలు, దాదాపు 29 కోట్ల లీటర్ల నీళ్లను ఆ 5 మైక్రోగ్రాముల హద్దుకు చేర్చడానికి. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడితే వినైల్ క్లోరైడ్ రావచ్చు, అది ఇంకా ప్రమాదం. క్లోరిన్ కలపడం వల్ల ఇవేవీ పోవు.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో సీసం, ఆర్సెనిక్, పురుగుమందులు, క్లోరినేషన్ వల్ల పుట్టే క్లోరోఫారం వగైరా ఉన్నాయి. ట్రైక్లోరోఇథిలీన్‌కు, ఎండీసీకి మాత్రం హద్దు లేదు. హద్దు లేనిదాన్ని ఏ ల్యాబూ తనంతట తాను వెతకదు. పటాన్‌చెరు-బొల్లారం, విశాఖపట్నం 2009లోనే తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కాయి. అలాంటి చోట్ల ఈ ఖాళీని ఇంకా వదిలేయడం క్షమించరానిది.

పరీక్ష రాయించినా, శాంపిల్ తీయడంలోనే సగం కేసులు చేజారే ప్రమాదముంది. మినరల్ వాటర్ సీసాలో పట్టి పంపితే సాల్వెంటు దారిలోనే గాలిలో కలిసిపోతుంది. రిపోర్టులో 'లేదు' అని వస్తుంది. కావలసింది టెఫ్లాన్ పూత మూత ఉన్న 40 మిల్లీలీటర్ల గాజు వయల్ (చిన్న సీసా). మోటారు కాసేపు నడిపాక, సన్నని ధారతో, నురగ రాకుండా, అంచు మీద నీళ్లు ఉబ్బి నిలిచేదాకా నింపాలి. రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి బిగించి, తలకిందులు చేసి చూడాలి. చిన్న బుడగ కనిపించినా పారబోసి మళ్లీ కొత్త వయల్‌లో పట్టాల్సిందే. క్లోరిన్ కలిపిన నీళ్లయితే హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ముందు 25 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి) వేయాలి. 4 డిగ్రీల చల్లదనంలో ఉంచి 14 రోజుల్లోగా పరీక్షించాలి. శాంపిల్ ప్రతి బోరు దగ్గరా విడిగా తీయాలి. సంపులో అన్నీ కలిశాక తీస్తే చెడ్డ బోరు మంచి బోర్ల చాటున దాక్కుంటుంది. ఒక్కసారి చూసి వదిలేయకూడదు, మూడు నెలలకోసారి చొప్పున కనీసం ఏడాది చూడాలి.

దొరికితే తీసేయొచ్చు. ప్లాస్టిక్ ముక్కలు నింపిన టవర్‌లో పైనుంచి నీళ్లు, కింది నుంచి గాలి వదిలితే సాల్వెంటు గాలితో పోతుంది. మన కఠిన జలాలతో వచ్చే చిక్కు, ఆ ముక్కలకు సున్నం పట్టడం. కార్బన్ వడపోత పెడితే రెండు ట్యాంకులు వరుసగా ఉండాలి, మధ్యలో శాంపిల్ కుళాయి ఉండాలి. మొదటి ట్యాంకులోని కార్బన్ ఇక సాల్వెంటును పట్టలేదని ఆ కుళాయి శాంపిలే చెబుతుంది. వినైల్ క్లోరైడ్‌ను మాత్రం కార్బన్ సరిగా పట్టదు. ఇంట్లో కాచి తాగుదామంటే, గిన్నెలోది వంటింటి గాలిలోకి వస్తుంది, అక్కడే మనం పీలుస్తాం.

పారిశ్రామికవాడ చుట్టుపక్కల తాగునీటికి వాడే ప్రతి బోరుకూ, ట్యాంకర్లు నింపే బోర్లతో సహా, ఈ సాల్వెంట్ల పరీక్షను తప్పనిసరి చేయాలి. ఫలితాన్ని బోరు నంబరుతో సహా వార్డు ఆఫీసు గోడ మీద అంటించాలి.